రెండు వైపులా చెరిగిన రాత

పెంచలకోన నరసింహస్వామి సాక్షిగా, నా రెండెకరాల రొయ్యల చెరువు సాక్షిగా, ఈ కలం పట్టుకుని వణుకుతున్న నా కుడిచేతి సాక్షిగా ప్రమాణం చేసి చెబుతున్నాను. ఇందులో ప్రతి మాటా నిజం.

మా ఊళ్లో నన్ను ఎరిగినవాళ్లు ఈ వాక్యం చదవగానే నవ్వుతారు. నవ్వనివ్వండి. తుఫాను గాలికి మా పడవ లేచి కొబ్బరిచెట్టు మీద వాలిందనీ, అక్కడే రెండు రోజులు కాయలు కొట్టుకు తాగుతూ కూర్చున్నాననీ చెప్పింది నేనే. మండపీత ఒకటి నా సెల్‌ఫోను ఎత్తుకుపోయి బొరియలోంచి మా బావమరిదికి ఫోను చేసిందని చెప్పిందీ నేనే. టీకొట్టు దగ్గర నా పేరు కోతల పెంచలయ్య. కానీ కోతలు కొయ్యడానికి మనిషి కొంచెం ధైర్యంగా ఉండాలి. మూడేళ్లుగా నాకు ఆ సరుకు తక్కువైంది.

ఎందుకు రాస్తున్నానంటే, నెల్లూరులో నేను వెళ్లే ఆసుపత్రి వరండాలో నాలాగే చేతులు ఒళ్లో దాచుకుని కూర్చునేవాళ్లు ఉంటారు. వాళ్లలో ఒక్కరైనా ఇది చదివి నేను చేసిన తప్పు చెయ్యకుండా ఉంటే చాలు. ఆ తప్పేమిటో వరసలో వస్తుంది.

మొదటి వేసవి. నాకు నలభై రెండు నిండాయి. చెరువులో రొయ్య ఎంత ఎదిగిందో చూడాలంటే వారానికోసారి విసురువల వేసి నాలుగు పట్టుకుని తూచాలి. వల అంచు ఒకటి పళ్ల మధ్య పట్టుకుని, కొంత ఎడమ మోచేతి మీద వేసుకుని, మిగతాది కుడిచేత్తో పట్టి, నడుము తిప్పి విసిరితే గాల్లో గుండ్రంగా విచ్చుకుని నీళ్ల మీద పడాలి. పదేళ్ల వయసు నుంచి వేస్తున్న వల. ఆ రోజు అది విచ్చుకోలేదు. మూసిన గొడుగులాగా దబ్బున పడింది.

కట్ట మీద మేత బస్తా విప్పుతున్న కామాక్షి, అంటే నా భార్య, తలెత్తి చూసింది. "ఏం మామా, వల ఉతకడానికి తెచ్చినావా?"

చిక్కుపడింది అన్నాను. మళ్లీ విసిరాను. మళ్లీ గొడుగే. మూడోసారి కుడిచెయ్యి వదలాల్సిన క్షణంలో వదల్లేదు. వదలమని నేను చెప్పాను, అది వినలేదు. అంతకంటే ఎలా చెప్పాలో నాకు తెలియదు. చెయ్యి నాదే, మాట వినడం మాత్రం మానేసింది. సాయంత్రానికి కుడికాలి వేళ్లు లోపలికి ముడుచుకుని, చెప్పు వేసుకోనివ్వలేదు.

చిత్రం ఏమిటంటే మర్నాడు నిద్ర లేచేసరికి అన్నీ బాగున్నాయి. చెయ్యి తేలిక, కాలు తేలిక. ఒక గంటసేపు రాజులా తిరిగాను. ఎండెక్కేకొద్దీ మళ్లీ ఒళ్లు బరువెక్కింది. ఆ తర్వాత రోజూ ఇదే వరస. దీంతో ఇంట్లో నా పరువు పోయింది.

"కాఫీ తాగేటప్పుడు బాగుంటావు, మేత చల్లమనంగానే వణుకొస్తదా? నీ వణుక్కి గడియారం చూడ్డం బాగా తెలుసే!" అనేది కామాక్షి. తప్పు ఆమెది కాదు. ఇరవై రెండేళ్లుగా నా కథలు విన్న మనిషి.

కార్తీకం వచ్చేసరికి టీకొట్టులో గ్లాసు పట్టుకుంటే టీ వేళ్ల మీద ఒలకడం మొదలైంది. జనం చూస్తున్నారు. పొద్దున్నే మొదలెట్టాడని వెనక ఎవరో అన్నారు. మందు అలవాటు లేనివాడికి ఆ మాట ఎంత మంటో! అక్కడికక్కడ ఒక కథ అల్లాను.

"చెరువులో నీళ్లు చిలికే ఏరియేటరు ఉందే, దాని వైరు తెగి నీళ్లలో పడింది. నేను నడుము లోతున ఉండా. కరెంటు కుడిచేతిలో ఎక్కి కుడికాల్లో దిగిపోయింది. రొయ్యలన్నీ పెళ్లిపందిట్లో బల్బుల మాదిరి వెలిగినాయి. ఆ వెలుగులోనే ఒడ్డు కనపడి బతికినా."

అందరూ నవ్వారు. కానీ సగం నమ్మారు. కరెంటు దెబ్బ అనేది గౌరవమైన జబ్బు. మందుబాబు అనిపించుకోవడం కంటే అది నయం.

ఇక్కడే ఉంది నా తప్పు. వారం తర్వాత ఊళ్లో ఇద్దరు పెద్దమనుషులు జాలిపడి నన్ను నెల్లూరు తీసుకెళ్లారు. డాక్టరు "ఎట్టా మొదలయింది?" అని అడిగాడు. పక్కన ఆ ఇద్దరూ ఉన్నారు. వాళ్ల ముందు మాట ఎలా తిప్పను? ఏరియేటరు కథ మొత్తం, రొయ్యల వెలుగు ఒక్కటి తీసేసి, డాక్టరుకూ చెప్పాను. ఆయన పాపం నిజమనుకుని కరెంటు దెబ్బకు నరాలు బలహీనపడ్డాయని మాత్రలు రాశాడు. ఏడాది మింగాను. జబ్బు ఒక వైపు, వైద్యం ఇంకో వైపు, మధ్యలో నా అబద్ధం. డాక్టరు దగ్గర నోరు విప్పేటప్పుడు పక్కన ఎవరున్నారో చూడకండి. ఈ రాత మొత్తంలో సలహా అంటూ ఇదొక్కటే.

ఆ ఏడాది ఎలా గడిచిందో చెప్పాలంటే ఒక్క ఉదయం చాలు. ముసురు పట్టిన రోజు. కట్ట చివర దాకా నడిచి వెనక్కి తిరగబోయాను. పాదాలు నేలకు అతుక్కుపోయాయి. నడుము పైనంతా తిరిగింది, కాళ్లు తిరగలేదు. అలాగే పక్కకు ఒరిగి చెరువులో పడ్డాను. నడుము లోతు నీళ్లే. కానీ లేవడానికి చేతులు సమయానికి రాలేదు. నోట్లోకి ఉప్పునీళ్లు పోయాయి. కామాక్షీ అని అరిచాను. అరిచాననుకున్నాను. గొంతు బయటికి రాలేదు. ఊరంతటినీ గంటలు గంటలు కూర్చోబెట్టిన గొంతు, ముప్పై అడుగుల దూరంలో ఉన్న పెళ్లానికి వినపడలేదు. ఆమె ఎందుకో ఇటు తిరిగింది కాబట్టి సరిపోయింది. లుంగీ పట్టుకుని ఒడ్డుకు లాగింది. తిట్టలేదు. ఆమె తిట్టనందుకు నాకు ఇంకా భయం వేసింది.

మా అమ్మాయి హారిక అప్పటికి చదువు పూర్తి చేసి హైవే పక్కన ల్యాబులో పనికి కుదిరింది. చెరువులో వదిలే ముందు రొయ్యపిల్లలకు వైరస్ ఉందో లేదో చూసే ల్యాబు. పిల్లల్ని పుట్టించే హేచరీ నుంచి సంచులు వస్తాయి, వీళ్లు పిల్లల్ని నలిపి రసం తీసి మిషన్లో పెడతారు. పీసీఆర్ అంటారు. ఆ కాగితం లేనిదే మా తీరంలో ఏ రైతూ పిల్ల దించుకోడు.

ఒక ఆదివారం హారిక నా ఎదురుగా కూర్చుని చాలాసేపు చూసింది. "నాన్నా, నువ్వు నవ్వడం మానేసినావు."

"నవ్వుతానే ఉండానే."

"నోరు నవ్వుతా ఉంది. మొహం నవ్వడంలా."

నిజమే. టీకొట్టులో ఈమధ్య నా కథలకు జనం మరీ పడిపడి నవ్వుతున్నారు. మొహంలో కదలిక లేకుండా అబద్ధం చెప్పడం నా కొత్త విద్య అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

మర్నాడే హారిక సెలవు పెట్టి నన్నూ వాళ్ల అమ్మనూ నెల్లూరు తీసుకెళ్లింది. ఈసారి వేరే ఆసుపత్రి, మెదడు డాక్టరమ్మ. నా కంటే చిన్నది. ఎప్పటి నుంచి అని అడిగింది. నేను అలవాటుగా ఏరియేటరు దగ్గర మొదలుపెట్టాను.

"మేడం, అది అబద్ధం. మా నాన్న చెప్పేది నమ్మొద్దండి" అంది హారిక.

"ఎన్నాళ్ల నుంచి?"

"వణుకు రెండేళ్ల నుంచి మేడం. అబద్ధాలు పుట్టినప్పటి నుంచి."

డాక్టరమ్మ నవ్వింది. వేళ్లు ఆడించమంది, నడవమంది, కుర్చీలోంచి లేవమంది. పొద్దున లేవగానే ఎలా ఉంటుందని అడిగింది. బాగుంటుందని చెబితే కామాక్షి వైపు చూసి, "ఇది నటన కాదమ్మా. ఈ రకంలో నిద్ర తర్వాత కొంతసేపు తేలిగ్గా ఉండటం ఉంటుంది" అంది. కామాక్షి తల దించుకుంది. ఆ రోజు తర్వాత గడియారం మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ తర్వాత ప్రశ్న వచ్చింది. "మీ అమ్మా నాన్నా ఒకరికొకరు ఏమవుతారు?"

"మేనత్త కొడుకు, మేనమామ కూతురు."

"మరి మీ ఆవిడ?"

"మా అక్క కూతురు."

డాక్టరమ్మ రాస్తున్న కలం కింద పెట్టింది. అంతే చేసింది. కానీ ఆ కలం చప్పుడు నాకు ఇప్పటికీ వినపడుతుంది. మాలో మేనరికం అంటే మంచి పని. పిల్లను బయటికి ఇస్తే ఎవరు ఎలా చూస్తారో, మనింట్లో అయితే కళ్ల ముందు ఉంటుంది. మా అక్క రమణమ్మ నాకంటే పదిహేనేళ్లు పెద్దది, అమ్మ పోయాక నన్ను పెంచింది, పెంచి తన కూతుర్ని నాకే ఇచ్చింది. నాకు ఒకే మనిషి అక్కా అత్తా. పండక్కి వెళితే కాళ్లకు దణ్ణం పెట్టాలో, అల్లుడిగా కుర్చీలో కూర్చోవాలో ఇప్పటికీ తేలలేదు.

జబ్బు పేరు పార్కిన్సన్ అంది డాక్టరమ్మ. ముసలివాళ్లకు వస్తుందని విన్నాను. ఇంత చిన్న వయసులో వస్తే వంశంలో దిగివచ్చే జన్యువుల రాతలోనే తప్పుండే అవకాశం ఎక్కువట. నెత్తురు తీసి పంపింది. మాత్రలు రాసింది.

మాత్రల గురించి చెబితే మళ్లీ కోత అంటారు. మూడో రోజు చొక్కా గుండీలు నేనే పెట్టుకున్నాను. అయిదో రోజు వల విచ్చుకుంది. మరీ గుండ్రంగా కాదు, దోసెలాగా. కట్ట మీద కామాక్షి చేతిలో మేత చేట అలాగే పట్టుకుని నిలబడిపోయింది. మాత్ర పనిచేసే గంటల్లో నేను మనిషిని, అయిపోయే గంటల్లో కొయ్యను. అదైనా చాలనుకున్నాను.

నెల తిరిగాక నెత్తురు కాగితం వచ్చింది. ముగ్గురం వెళ్లాం.

"చెరువు అడుగున మిగిలిన మేత, చచ్చిన రొయ్య ఎప్పటికప్పుడు తియ్యకపోతే ఏమవుతుంది?" అని అడిగింది డాక్టరమ్మ.

"నల్లబురద పడద్ది మేడం. గ్యాసు పుట్టద్ది. ముందు రొయ్య మేత మానేస్తది. తర్వాత ఒడ్డుకొచ్చి చస్తది."

"ఒంట్లో ప్రతి కణమూ అలాంటి చెరువే. పాడైన ప్రోటీన్లను ముక్కలు చేసి పారేసే యంత్రం అందులో ఉంటుంది. ఏది పారెయ్యాలో దాని మీద గుర్తు వేసే పనివాడు ఉండాలి. ఆ పనివాణ్ణి తయారుచేసే రాత ఒకటుంది, పార్కిన్ జన్యువు అంటాం. అందరికీ రెండు ప్రతులు, నాన్న నుంచి ఒకటి, అమ్మ నుంచి ఒకటి. ఒకటి చెరిగినా రెండోదాన్ని చూసి పని నడుస్తుంది. మీకు రెండూ చెరిగాయి. రెండూ ఒకేచోట, ఒకేలా చెరిగాయి."

అంటే మా పూర్వీకుల్లో ఎవరిలోనో ఒకరిలో చెరిగిన అక్షరం మా నాన్న దారిన ఒకటి, మా అమ్మ దారిన ఒకటి నడిచివచ్చి నాలో కలుసుకున్నాయి. గుర్తు వేసేవాడు లేక నా తలలో చెత్త పేరుకుంది. ఆమె చెప్పింది నాకు బాగానే అర్థమైంది. నేను ఇంకా నా తల గురించే ఆలోచిస్తున్నాను. కామాక్షి మాత్రం ముందుకు వెళ్లిపోయింది.

"మేడం, నేను వీళ్ల అక్క కూతుర్ని కదా. నాలో కూడా ఉంటదా?"

"ఒకటి చెరిగి ఉండొచ్చు. ఉన్నా మీకు జబ్బు దాదాపుగా రాదు. కానీ..."

డాక్టరమ్మ ఆగింది. హారిక గోడకు ఆనుకుని నిలబడి ఉంది. తను చదివింది ఇదే. "నాన్న నుంచి నాకు చెరిగిందే వచ్చుంటది, ఇంకోటి లేదు కాబట్టి" అంది నెమ్మదిగా. "అమ్మలో కూడా ఉంటే, నాకు బొమ్మా బొరుసే."

ఆ గదిలో ఏసీ ఉంది. నా వీపు మొత్తం తడిసిపోయింది. నా జబ్బు నాకు భయం అనుకున్నానే, అది అప్పటిదాకా పడిన భయాలన్నిట్లోకీ చిన్నది. కామాక్షి చీర కొంగు తీసి చెయ్యి చాపింది. నెత్తురు అప్పుడే తీసుకున్నారు.

కాగితానికి మళ్లీ నెల. ఆ నెలలో నేను చేసిన పని చెప్పడానికి సిగ్గుగా ఉంది. రోజంతా హారిక చేతులు చూశాను. గ్లాసు పట్టుకుంటే చూశాను, జడ వేసుకుంటే చూశాను. ఒకరోజు చెరువులో పిల్ల దించే పని లేకపోయినా పక్క రైతు సంచి అడిగి తీసుకుని ల్యాబుకు వెళ్లాను. అద్దం అవతల తను సన్నటి గొట్టంతో, బుల్లి గుంతలున్న పళ్లెంలో చుక్క చుక్క వేస్తోంది. ఒక్క చుక్క కూడా పక్కన పడలేదు. ఇరవై గుంతలు లెక్కపెట్టాను. గ్లవ్స్ తీసేసి బయటికి వచ్చి నా ముందు రెండు చేతులూ చాపింది.

"దీనికేగా వచ్చింది? చూసుకో. సరిపోయిందా? సంచి యాడిదో అది అక్కడ ఇచ్చేసి పో నాన్నా. ఎండలో పిల్ల చస్తది."

ఆసుపత్రి వరండాలోనే ఎస్తేరు టీచరమ్మ పరిచయమైంది. ఆత్మకూరు బస్టాండు దగ్గర బడిలో పంతులమ్మగా చేసి రిటైరైన మనిషి. నా జబ్బే, వయసు మీద వచ్చిన రకం. ఒక ఉదయం మాత్ర బలం దిగిపోయి వరండా మధ్యలో నా కాళ్లు అతుక్కుపోయాయి. వెనక స్ట్రెచరు వస్తోంది, జరగవయ్యా అని కేకలు. టీచరమ్మ తన చేతికర్ర తెచ్చి నా పాదాల ముందు అడ్డంగా నేల మీద పెట్టింది. "నేల మీద నడవమాక నాయనా. దీన్ని దాటు. దాటడం వేరే పని." దాటాను. కాళ్లు కదిలాయి. ఇప్పటికీ మా ఇంటి గడపల ముందు సుద్దముక్కతో గీతలు ఉంటాయి, ఆమె చలవే. ఇదంతా రాయమని చెప్పిందీ ఆమే. "నువ్వు కతలు బాగా చెప్తావంట కదా. ఒక్కసారి నిజం చెప్పు, ఎట్టుంటదో చూద్దాం" అంది.

ఈలోగా బుచ్చి నుంచి మా అక్క దిగింది. బుచ్చిరెడ్డిపాలెంలో వాళ్లకు వరి పొలం. రావడం రావడమే, "ఒరే పెంచలా, మా చరణ్‌కి హారికను చేసేద్దాం. మనోడు, మన పిల్ల. తిరనాళ్ల లోపల తాంబూలాలు" అంది. చరణ్ ఆమె కొడుకు కొడుకు, కామాక్షికి మేనల్లుడు. మళ్లీ మేనరికం. మూడో తరం.

అక్కకు నా జబ్బు సంగతి చెప్పలేదు. చెబితే హారికను ఎవరూ చేసుకోరన్న భయం. మాత్రలన్నీ విటమిన్ సీసాలో పోసి పెట్టుకున్నాను. భోజనం ముందు ఒకటి వేసుకుంటుంటే అక్క చూసింది.

"అదేందిరా?"

"బలానికి అక్కా. విటమిన్."

"నాకూ ఒకటియ్యి. నాట్లప్పటి నుంచి మోకాళ్లు ఒకటే పీకుడు."

"నీకు పడవులే."

"నీకు పడినవి నాకెందుకు పడవు? ఒక తల్లి బిడ్డలం కాదా?" అంటూనే సీసా లాక్కుని రెండు అరచేతిలో పోసుకుంది. నీళ్ల చెంబు ఎత్తింది. నేను చెయ్యి పట్టుకోబోయాను. చెయ్యి వణికి చెంబుకే తగిలి, సీసా, మాత్రలు, నీళ్లు అన్నీ చాప మీద పడ్డాయి. నేను మోకాళ్ల మీద కూర్చుని తడిసిన మాత్రలు ఏరుకుంటుంటే ఒక్కటీ వేళ్లకు దొరకడం లేదు. అక్క నా వేళ్ల వైపే చూస్తోంది.

"కరెంటు కొట్టిందని చెప్పినావే?"

"అబద్ధం అక్కా."

ఉన్నదంతా చెప్పాను. మాట తిప్పకుండా, అతుకులు లేకుండా ఒక విషయం మొదటి నుంచి చివరిదాకా చెప్పడం నాకు అదే మొదలు. విన్నాక అక్క మొహం ఎర్రబడింది. "మన రక్తంలో తప్పుందా? ఏ తల తిరిగినది చెప్పిందిరా నీకు? మన తాత తొంభై ఏళ్లు నాగలి పట్టినాడు!" అని అరిచింది. ఆ రోజే బస్సెక్కి వెళ్లిపోయింది. వెళ్తూ కామాక్షితో కూడా మాట్లాడలేదు.

కామాక్షి కాగితం వచ్చే రోజు వరండాలో కూర్చున్నాం. పొద్దున తొందరలో చొక్కా గుండీలు పైవి కిందవి కలిసిపోయి పెట్టుకున్నాను. ఎవరో నా ముందు వచ్చి నిలబడ్డారు. చూస్తే అక్క. బుచ్చి నుంచి మొదటి బస్సుకు వచ్చింది. నా గుండీలు అన్నీ విప్పి, పై నుంచి ఒక్కొక్కటే సరిగ్గా పెట్టింది, నన్ను బడికి పంపేటప్పుడు పెట్టినట్టే. చివరి గుండీ పెట్టాక కాలరు కూడా సరిచేసింది.

"నీకు నా బిడ్డనిచ్చి మంచి చేసినా అనుకున్నా అబ్బయ్యా" అంది.

కాగితంలో కామాక్షికి ఒకటి చెరిగి ఉంది. అంటే అక్కలోనూ ఉన్నట్టే. అక్కడే, డాక్టరమ్మ బల్ల ముందే, అక్క చరణ్ మాట వెనక్కి తీసుకుంది. "వాడు కూడా మాలోనోడే కదమ్మా. మాలో మేం చేసుకుంది చాల్లే" అంది.

మిగిలింది హారిక. బొమ్మా బొరుసా.

హారిక నెత్తురు ఇచ్చింది. ఈసారి ఆ నెల నెలలా లేదు, ఏడాదిలా గడిచింది. చివరికి కాగితం వచ్చిన రోజు ఎండ బాగా కాసింది. డాక్టరమ్మ తలుపు దగ్గరకే ఎదురువచ్చి, "అమ్మ నుంచి మంచి ప్రతే వచ్చింది. నీకేమీ కాదు తల్లీ" అంది. కామాక్షి అక్కడే కూలబడి ఏడ్చింది. అక్క వరండాలో కూర్చున్న వాళ్లందరికీ మలైకాజాలు పంచింది, షుగరున్నవాళ్లకు కూడా. ఎస్తేరు టీచరమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. నేను నవ్వాను, నోటితోనే కాదు, మొహం మొత్తంతో. హారిక సెల్‌ఫోనులో ఫొటో కూడా తీసింది.

ఇక్కడ ఆపేద్దామనే కూర్చున్నాను. ప్రమాణం చేసి మొదలుపెట్టాను కాబట్టి ఒప్పుకోవాలి. పై పేరా నేను కల్పించింది. మిగతాదంతా నిజం, అదొక్కటీ అబద్ధం.

నెత్తురు ఇవ్వడానికి హారిక వచ్చిన మాట నిజమే. కుర్చీలో కూర్చుంది. చేతి మీద రబ్బరు పట్టీ కట్టారు. సూది తెచ్చే లోపల పట్టీ తనే విప్పేసి లేచి బయటికి వచ్చేసింది. నేను వెనకే వెళ్లాను. మెట్ల మీద కూర్చుంది.

"ఏందమ్మా, భయమా? ఒక్క క్షణం పోటు."

"నాన్నా, మా ల్యాబులో పిల్లకు పాజిటివ్ వస్తే ఏం చేస్తారో తెలుసు కదా?"

తెలుసు. బ్లీచింగు పోసి గుంటలో పారబోస్తారు. ఎన్నిసార్లో నేనే పారబోశాను.

"నాకు పాజిటివ్ వస్తే నన్నేం చెయ్యాల? ముందే వేసుకునే మందేమన్నా ఉందంటనా?"

"ఇప్పటికైతే లేదంట."

"మరి ఆ కాగితం నాకు దేనికి? రేపు పిల్లల్ని కందామనుకున్న రోజు నేనే వచ్చి ఇస్తా. చేసుకునేవాడికి ముందే చెప్తా. ఇప్పుడు మాత్రం తెలుసుకోను. నువ్వు, అమ్మ, అవ్వ, ముగ్గురూ నా చేతులు చూడ్డం మానెయ్యండి. చచ్చిపోతుండా మీ చూపులతో."

డాక్టరమ్మకు చెబితే, అది ఆ పిల్ల హక్కు, ఎవరూ బలవంతం చెయ్యొద్దు అంది. వరండాలోకి వచ్చి కూర్చున్నాను. అందరం ఇంటికి వచ్చేశాం.

ఇది జరిగి ఏడు నెలలు. నాకు మాత్ర పనిచేస్తోంది. గడ్డు కాలం గడిచిందనే చెప్పాలి, నా మటుకు నాకు. కానీ వంటింట్లో చెంచా కింద పడితే నా గుండె ఆగుతుంది. ఎవరి చేతిలోంచి పడిందో తెలిసేదాకా కొట్టుకోదు. అందుకే ఆ పేరా రాసుకున్నాను. రాసిన పూటంతా కొంచెం నిమ్మళంగా ఉంది.

నిన్న ఆ పేరా దాకా రాసింది హారికకు చదవడానికి ఇచ్చాను. గడప మీద కూర్చుని చదివింది. ల్యాబు గురించి రాసిన చోట "గుంతలు కాదు నాన్నా, వెల్స్ అంటారు" అంది. తన కాగితం వచ్చిన చోటికి వచ్చి ఆగిపోయింది. పైకీ కిందికీ రెండుసార్లు చూసింది.

"నా రిపోర్టు నాకంటే ముందు నీకే వచ్చిందే!"

"కొట్టేస్తాలే. కలం ఇటియ్యి."

కలం ఇవ్వలేదు. ల్యాబుకు టైమవుతోందని లేచి, కాగితాలు నా ఒళ్లో పెట్టింది.

"ఉండనీలే నాన్నా. అబద్ధమని కింద రాసెయ్. ఆ పేరా మాత్రం కొట్టేయమాక."